అద్దం లేని కలువలు

2023 వర్షాకాలం. బిలాస్‌పూర్‌లో తోర్వా వైపు మాకో ఫ్రేముల షాపు ఉంది. నాన్న రైల్వేలో ఫిట్టర్‌గా రిటైరయ్యాక పెట్టాడు, ఆయన తరవాత నేను నడుపుతున్నాను. దేవుడి పటాలు, పెళ్ళి ఫోటోలు, సన్మానపత్రాలు, ఇవీ మా రోజువారీ పని. ఫ్రేము కట్టడమంటే నాలుగు చెక్కముక్కలకి మేకులు కొట్టడమేగా అనేవాళ్ళకి నేను కుర్చీ కూడా వెయ్యను.

ఆ ఏడాది ఒక ఎగ్జిబిషన్ పని వచ్చింది. ఊళ్ళో ఉన్న చిన్న ఆర్ట్ గ్యాలరీలో ఇద్దరు ఆడవాళ్ళ బొమ్మలు వారం రోజులు పెడుతున్నారు. అన్నీ అడవులు, ఆకులు, పువ్వులు. ఇద్దరిదీ మాలాగే శ్రీకాకుళం వైపు నుంచి వచ్చిన రైల్వే కుటుంబం. కుదుదండ్‌లో ఒకే ఇంట్లో కిందా పైనా ఉంటారు. తోటికోడళ్ళు. ఇక వేరే చెప్పాలా!

పెద్దావిడ వరలక్ష్మక్క ఇరవయ్యేళ్ళుగా నీటిరంగులు వేస్తోంది. సాల్ చెట్లు, అర్పా నది ఇసుక, మబ్బు పట్టిన పొద్దు, ఇలాంటివి. చిన్నావిడ సుజాత లాక్‌డౌన్‌లో ఏమీ తోచక, ఆకులూ పువ్వులూ పుస్తకాల మధ్య నొక్కి ఆరబెట్టి, వాటినే అట్ట మీద అతికించి బొమ్మలు చెయ్యడం మొదలుపెట్టింది. ఇరవయ్యేళ్ళ పనికీ మూడేళ్ళ పనికీ చెరో గోడా సమానంగా ఇచ్చారు. అది వరలక్ష్మక్కకి కడుపుమంట. ఆ మంటని ఆవిడ ఏనాడూ దాచుకోలేదు.

ఇద్దరూ కలిసి ఒక్కసారి కూడా షాపుకి రాలేదు. ఒకరు వెళ్ళిన కాసేపటికి రెండోవారు వచ్చేవారు. వరలక్ష్మక్క తన బొమ్మల సంగతి రెండు ముక్కల్లో తేల్చేసి, "దానివి ఎలాగ కడుతున్నావు?" అని మొదలుపెట్టేది. సుజాతా తక్కువేం కాదు. అక్క తలచుకుంటే కుంచెతో వంద చెట్లు వేసేస్తుంది, తనకి ఒక్క ఆకు చిరిగితే మళ్ళీ అలాంటిది దొరకాలంటే ఎన్ని చెట్లు వెతకాలో అని వాపోయేది. అక్క గోడకి లైటు ఎక్కువ పడుతుందట కదా అని నా దగ్గర కూపీ లాగేది.

అసలు పేచీ బాక్స్ ఫ్రేముల దగ్గర వచ్చింది. నొక్కిన పువ్వులకి అద్దం తగలకూడదు. అందుకని అద్దానికీ బొమ్మకీ మధ్య చుట్టూ సన్నటి పట్టీ పెడతాం, దాన్ని స్పేసర్ అంటారు. అలా లోతుగా కట్టినదే బాక్స్ ఫ్రేమ్. మామూలు ఫ్రేము కన్నా గోడ మీంచి బాగా ముందుకి వస్తుంది. నీటిరంగులకి ఆ లోతు అక్కర్లేదు, బొమ్మ చుట్టూ తెల్లటి అట్ట అంచు వేస్తే చాలు. దాన్ని మౌంట్ అంటాం. ఇదంతా వరలక్ష్మక్కకి ఓపిగ్గా చెప్పాను. అంతా విని, "ఏటి పద్మా, దానివి ముందుకొచ్చి నిలబడి, నావి గోడకి అతుక్కుపోయి ఉండాలా?" అంది. వాదించాను, ఓడిపోయాను. నీటిరంగులకి కూడా బాక్స్ ఫ్రేములే కట్టాను. ఆవిడ టేపు పెట్టి కొలిచి మరీ ఒప్పుకుంది.

ఎగ్జిబిషన్ మర్నాడనగా ఫ్రేములన్నీ షాపులో గోడకి ఆనించి ఉన్నాయి. వరలక్ష్మక్క తనవి చూసుకోవడానికి వచ్చింది. తనవి ఐదు నిమిషాల్లో చూసేసి, సుజాత బొమ్మల ముందు చతికిలబడింది. కళ్ళజోడు పైకెత్తి, కిందికి దించి, పక్కనుంచి, కిందనుంచి. తప్పు వెతుకుతోందని తెలుస్తూనే ఉంది. నాకు తెలియని జబ్బా అది! మా రోడ్డు చివర కొత్తగా పెట్టిన ఫ్రేముల షాపు ముందు నేనూ రోజూ స్కూటీ స్లో చేస్తాను, వాడి ఫ్రేముల్లో ఒక్క మూలైనా విడిచిందేమోనని. విడవదు, వెధవది. ఇంటికొచ్చాక అన్నం సయించదు.

"పద్మా, ఇలాగ రా" అని పిలిచింది.

అవి కలువపూల బొమ్మలు, మొత్తం మూడు. నిజం చెప్పాలంటే ఎగ్జిబిషన్ మొత్తానికి అవే అందమైనవి. ఆవిడ ఒకదాన్ని వెలుగుకి ఏటవాలుగా పట్టుకుని, అద్దం అడుగున వేలితో చూపించింది. లోపలి వైపు సన్నగా ఆవిరి పట్టి ఉంది. పువ్వు మొదట్లో, రేకులు మందంగా ఉన్నచోట, బూడిద రంగు చుక్క. బూజు. పువ్వు లోపల ఆరలేదు. వెనక బ్యాకింగ్ అట్ట వేసి, చుట్టూ టేపు అంటించి గాలి చొరకుండా కట్టిందాన్ని నేనే. నాకు కనబడలేదు.

ఎన్నాళ్ళకి బయటపడుతుందని అడిగింది. ఈ వానల్లో మూణ్ణాలుగు రోజులు చాలన్నాను. "అంటే అందరూ చూస్తుండగానే" అంది. తలూపి స్టూలు మీద కూర్చుంది. ఆవిడ నోరు మూసుకుని ఇంటికి వెళ్ళిపోతే చాలు, సుజాత మొదటి ఎగ్జిబిషనే ఆఖరిదైపోతుంది. షాపు పేరూ దాంతోపాటే పోతుంది. ఉండబట్టలేక, సుజాతకి ఫోన్ చెయ్యనా అన్నాను.

"ముందు వెనక టేపు కొయ్యి" అంది. నేను కోస్తుంటే పక్కన నిలబడి, నాకు చెప్తున్నట్టు కాకుండా చెప్పింది. "బూజు పట్టిన పువ్వు పక్కన పెట్టుకొని నా బొమ్మ బాగుందనిపించుకుంటే నాకేటి గొప్ప? అది ఇంత బాగుండి కూడా, జనం నాదే ముందు చూడాల."

ఫోన్ చేస్తే సుజాత వానలో తడుస్తూ వచ్చింది. వచ్చేసరికి మూడు ఫ్రేములూ విప్పి బల్ల మీద ఉన్నాయి, పక్కన వరలక్ష్మక్క నా చేతిలోంచి తీసుకున్న కటరు పట్టుకుని ఉంది. ఎవరైనా ఏమనుకుంటారు?

"నా బొమ్మలు నువ్వెందుకు ముట్టుకున్నావక్కా?" అంది సుజాత. తనవి పోతేగాని అక్కకి నిద్ర పట్టదని తెలుసని కూడా అనేసింది. నేను అడ్డు వెళ్ళబోతే వరలక్ష్మక్క చేత్తో ఆపి, తీసిన అద్దం సుజాత చేతికిచ్చింది. సుజాత వేలితో తుడిచి చూసింది. తడి. పువ్వు కేసి చూసింది, చుక్క కనబడింది. అక్కడే కూలబడి, రేపు ఎలాగని నన్ను అడిగింది.

ఒక్క రోజులో కలువ ఆరదు, ఇస్త్రీ పెడితే నల్లబడిపోతుంది.

వరలక్ష్మక్క ఆ బూజు చుక్కలు పొడికుంచెతో దులిపి, "అద్దాలు వెయ్యకు. గాలాడితే అవే ఆరతాయి" అంది. దుమ్ము పడదా అని సుజాత గొణిగితే, ఫ్రేములు లోతుగానే ఉన్నాయి కదా, వారం రోజులకి ఏమీ కాదులే అంది.

అలాగే పెట్టాం. పక్కన ముట్టుకోవద్దని హిందీలో ఒక కార్డు. ఏం జరిగిందో తెలుసా? హాల్లో ప్రతి అద్దం మీదా ట్యూబులైట్లు మెరుస్తుంటే, ఆ మూడింట్లో రేకుల ఈనెలు కూడా లెక్కపెట్టొచ్చు. వచ్చినవాళ్ళందరూ అక్కడే ఆగిపోయారు, ఫోటోలు తీశారు. పత్రికవాళ్ళూ వాటినే వేశారు. వరలక్ష్మక్క తన గోడ దగ్గర నిలబడి అదంతా చూసింది.

నా పక్కకి వచ్చి, "అద్దం తియ్యమన్నది నేనే కదా" అంది.

అవునక్కా అన్నాను.

"మళ్ళీసారి నావి కూడా అద్దం లేకుండా కట్టు."

నీటిరంగులకి అద్దం లేకపోతే ఒక్క వానాకాలం ఆగవని చెప్పాను. వినలేదు. ఆ రాత్రంతా నిద్రపట్టలేదని తరవాత తనే చెప్పింది, సిగ్గేమీ పడకుండా.

ఈ పనిలో నన్ను మెచ్చుకున్నవాళ్ళు చాలామందే ఉన్నారు. మెచ్చుకునేవాళ్ళు తమకి నచ్చినంత మేర చూసి వెళ్ళిపోతారు. ఓర్వలేనివాళ్ళే అంగుళం అంగుళం చూస్తారు. ఆ రోజు నాకూ సుజాతకీ కనబడనిది ఆవిడకి కనబడిందంటే, మా ఇద్దరి కన్నా ఎక్కువసేపు ఆ పువ్వుల్ని చూసింది ఆవిడే కాబట్టి.

ఈ మధ్య సుజాత కొత్త బొమ్మలు కొన్ని తెచ్చింది. అన్నీ మందపాటి పువ్వులే. నాకు పాత భయం పట్టుకుని, బాగా ఆరాయా, ఇంకో నాలుగు రోజులు ఆగుదామా అన్నాను.

"అక్కకి చూపించీసేను" అంది. "గంటసేపు తిరగేసి తిరగేసి చూసింది, ఏటీ దొరకలేదు. మొహం మాడిపోయింది పాపం. నువ్వు ధైర్యంగా కట్టీ."