సీతాఫలం తలల బొమ్మలు

మొన్న మనవరాలు బడి నుంచి వస్తూనే ఎండు ఖర్జూరాలు, అంజీరులు, రంగు కాగితాలు, బంక సీసా నా మంచం మీద కుప్పపోసింది. విదేశాల్లో దయ్యాల పండుగ ఒకటి ఉందట, దానికోసం పిల్లలందరూ ఎండుపండ్లతో దయ్యం బొమ్మలు చేసుకుని రావాలని బడిలో చెప్పారట. కోడలు ఫోనులో ఏవో బొమ్మలు చూస్తూ ఇవి మన వల్ల అయ్యేవేనా అని తల పట్టుకుంటే, నేను ఒక అంజీరు తీసుకుని, ముడతలు ఎక్కువగా ఉన్న వైపు ముఖంగా నిలిపి, రెండు మిరియాలు కళ్ళుగా అతికించి, నల్లకాగితం పొట్లంలా చుట్టి టోపీ పెట్టేశాను. నీకెట్లా వచ్చునని మనవరాలు ఎగిరి గంతేసింది. ఎప్పుడో నేర్చుకున్నానులే అని ఊరుకున్నాను. అది పిల్లలకు చెప్పే సంగతి కాదు. మీరు నా ఈడువాళ్ళయితే, ఆ రోజుల్లో ఊళ్ళు ఎలా ఉండేవో కళ్ళారా చూసినవాళ్ళయితే, మీతో చెప్పుకోవచ్చు.

తొంభైలు మొదలైన రోజులవి. పెళ్ళయి దేవరకొండ దిక్కునుంచి షాద్‌నగర్‌కు వచ్చాను; మా ఆయనకు అక్కడ ఒక ఇనుప ఫ్యాక్టరీలో పని. ఊరి చివర రోడ్డు పక్కన రేకుల షెడ్డు ఒకటి ఉండేది, ఎండబెట్టిన పూలూ కాయలూ రంగులద్ది విదేశాలకు పంపేవాళ్ళది. నన్ను ఆ పనికి తీసుకుపోయింది మా చిన్నమ్మ, అమ్మకు స్వయానా చెల్లెలు. చిన్న వయసులోనే భర్త పోయాడు, పిల్లలు లేరు. షాద్‌నగర్‌కు దగ్గరలోనే ఒక పల్లెలో అత్తగారింట్లో తన వాటా గదిలో ఉంటూ రోజూ బస్సులో షెడ్డుకు వచ్చేది. గోడ అవతల మరిది కుటుంబం.

మన గుట్టల్లో సీతాఫలాలు ఎంత విరివిగా కాస్తాయో మీకు తెలుసు. పండకుండా చెట్టుమీదే ఎండి నల్లబడి రాయిలా గట్టిపడిన కాయలను ఎవరూ ముట్టరు కదా, షెడ్డువాళ్ళకు కావలసింది సరిగ్గా అవే. వాటిని గోనెసంచుల్లో తెప్పించి, కడిగి, ఎండబెట్టి, దయ్యాలకు తలలుగా పెట్టించేవాళ్ళు. జనపనార జుట్టు, గురివింద గింజల కళ్ళు, చీపురుపుల్లల కాళ్ళూ చేతులూ, నల్లగుడ్డ అంగీ. నల్లగొండ తోటల నుంచి వచ్చిన చిన్న బత్తాయిలను డొల్లచేసి, కళ్ళూ నోరూ కోసి, ఎండాక నారింజరంగు పూస్తే అవి ఇంకో రకం. బంక ఆరేదాకా కళ్ళు జారిపోకుండా గుండుసూదులు గుచ్చి ఉంచాలి. ఇవన్నీ ఎవరు కొంటారో, ఎందుకు కొంటారో మాకెవరికీ సరిగా తెలియదు. వాళ్ళ పెద్దల అమావాస్య లాంటిదేమో అనుకునేవాళ్ళం.

చిన్నమ్మ చేతిలో ఆ నల్లటి కాయలు మనుషులైపోయేవి. బత్తాయికి నోరు కోయడంలో ఆమెను మించినవాళ్ళు లేరు. ఒకటి నవ్వేది, ఒకటి అలిగేది, ఒకటి పోరు పెట్టేది. ప్రతి బొమ్మకూ చుట్టాల పేర్లు పెట్టి మమ్మల్ని నవ్వించేది. ఇది మా అత్త, చచ్చినా నన్ను విడిచిపెట్టలేదు అనేది. మూతి వంకరగా కుదిరిన ఒక బొమ్మను చూపించి ఇది మా యారాలు అనేది. యారాలంటే తోటికోడలే, ఆ మరిది భార్య. ఆ మాటలో విషం లేదు. తోటికోడలి కొడుకు, ఐదారేళ్ళవాడు, తిండీ నిద్రా అన్నీ చిన్నమ్మ దగ్గరే. పెద్దమ్మా పెద్దమ్మా అంటూ కొంగు పట్టుకుని తిరిగేవాడు.

ఓడకెక్కించే సరుకు వానలకు ముందే తయారు కావాలి కాబట్టి ఎండాకాలంలో పని ఇంటికి కూడా ఇచ్చేవాళ్ళు. ఆ ఏడు చిన్నమ్మ ఒక బుట్టెడు తలలు తీసుకుపోయి, చేసినవి చేసినట్టు తన గది ముందున్న పిట్టగోడమీద వరసగా ఆరబెట్టింది. సరిగ్గా అప్పుడే ఆ పిల్లవాడికి జ్వరమొచ్చింది. తల వేలాడేశాడు, ఫిట్స్ వచ్చాయి, మనుషులను గుర్తుపట్టడం మానేశాడు. తోటికోడలు ఏడుస్తూ బయటికొచ్చి తలెత్తితే గోడమీద సూదులు గుచ్చిన నల్లటి తలలు కనిపించాయి. చిన్నమ్మ పిల్లవాడికి బాణామతి, అంటే చేతబడి, చేసిందని ఊరంతా పాకింది.

ఆ ఆదివారం నేను నల్లగుడ్డ టోపీలు కుట్టి చిన్నమ్మకు ఇద్దామని ఆ ఊరు పోయాను. బస్సు దిగేసరికే చావడి ముందు జనం. నడుమ చిన్నమ్మ, ఆమె ముందు బట్ట పరిచి దానిమీద బొమ్మలు. ఒకదానికి ఆమె నా పేరే పెట్టిందని తోటికోడలు గుండెలు బాదుకుంటూ చెబుతోంది. నేను గుంపును తోసుకుని లోపలికి పోయాను.

“గివి ఆట బొమ్మలు పెద్దయ్యా, ఫారిన్‌కు పోతయి. ఆల్లకు గదొక పండుగ. నేను గూడ చేస్తున్న, సూడున్రి” అని సంచిలోని టోపీలు తీసి చూపించాను.

అక్కడి పెద్దమనిషి కోపంగా కూడా అనలేదు, నిజంగానే అర్థంకాక అడిగాడు. “పండుగకు ఎవలన్న దయ్యాలను చేస్కుంటరా బిడ్డా?”

చిన్నమ్మ తల తిప్పి నాతో ఒక్కటే మాట అంది. “పిలగాన్ని దవాఖానకు తీస్కపొమ్మని చెప్పు బిడ్డా. నా సంగతి తర్వాత.”

షెడ్డు సూపర్‌వైజరు చదువుకున్నవాడు, పట్నంవాడు, ఆయన వచ్చి ఒక్క మాట చెబితే నమ్ముతారని షాద్‌నగర్‌కు పరుగెత్తాను. ఆయన ఇంట్లోనే ఉన్నాడు. అంతా విన్నాడు. “మీ ఊరి పంచాయితీలోకి కంపెనీని లాగకమ్మా, పేపరోళ్ళకు తెలిస్తే పని ఆగిపోతది” అని తలుపు దగ్గరే నిలబడి చెప్పాడు. ఇక మా ఆయన్ను, ఆయనతో పనిచేసే ఇద్దరిని వెంటబెట్టుకుని తిరిగి వచ్చాను. అప్పటికే అయిపోయింది. మంత్రం సరిగా పలకాలంటే నోట్లో పండ్లుండాలట. రాయితో చిన్నమ్మ ముందుపండ్లు రాలగొట్టారు. బొమ్మలు చావడి ముందే కాలుతున్నాయి. ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుని గోడవార కూర్చుని ఉంది, ఏడవడం లేదు.

ఆ గొడవలోనే మా ఆయన అరిచి, తిట్టి, పిల్లవాడిని ఎవరిదో జీపులో పాలమూరు దవాఖానకు పంపించాడు. అది మెదడువాపు జ్వరమని అక్కడి డాక్టరు చెప్పాడట, సూదిమందులిచ్చి చాలా రోజులు పెట్టుకున్నాడట. పిల్లవాడు బతికాడు. బతికి, లేచి తిరిగాడు. దానితో ఆ ఊళ్ళో చిన్నమ్మ బతుకు ముగిసింది. పండ్లు రాలగొట్టినందుకే వాడు బతికాడని ఊరంతా తేల్చుకుంది. అంతకుముందు కాస్త అనుమానపడ్డవాళ్ళు కూడా ఇంకేం రుజువు కావాలన్నారు. వాడు లేచి తిరుగుతున్నాడని చెబితే చిన్నమ్మ కట్టు కట్టిన నోటితోనే నవ్వింది. ఆ నవ్వు నేనిప్పటికీ మింగలేను.

పోలీసులు వస్తే బావి దగ్గర జారిపడ్డానని చెప్పింది. ఎందుకలా చెప్పావని నేను గొడవపడితే, “రేపు గా ఊర్లనే గద బతకాలె” అంది, పండ్లు ఊడిన సందులోంచి గాలి పోతున్న గొంతుతో. కానీ ఆ ఊరు ఆమెను మళ్ళీ రానివ్వలేదు. మరిది నడిమి గోడ తీసేసి ఆమె గదిలో బర్రెలను కట్టేసుకున్నాడు. మా కిరాయి ఇంట్లోనే ఉంటూ మళ్ళీ ఆ షెడ్డుకే వచ్చింది, ఆమెను రానిచ్చిన చోటు అదొక్కటే మరి. బత్తాయిలు ముందు పెడితే మాత్రం పక్కకు జరిపేది. నోళ్ళు కోయడం నావల్ల కాదు, టోపీలు కుడతాను అనేది. పేర్లు పెట్టడం మానేసింది. కొన్నేళ్ళకు షెడ్డు మూతపడింది, ఇంకొన్నేళ్ళకు చిన్నమ్మ మా ఇంట్లోనే కన్నుమూసింది. అత్తగారి ఊరినుంచి ఒక్కరు కూడా రాలేదు.

పోయినేడు ఆ పిల్లవాడు మా ఇంటికి వచ్చాడు. పిల్లవాడేమిటి, నలభై ఏళ్ళ మనిషి, ప్లాట్ల వ్యాపారం, ఇంటిముందు కారు. గృహప్రవేశం పత్రిక చేతికిచ్చి, “పెద్దమ్మ జాగాలనే కట్టిన అక్కా, నువ్వు తప్పకుంట రావాలె” అన్నాడు. చాయ తాగుతూ ఆ మాటా ఈ మాటా అయ్యాక నవ్వుతూ చెప్పాడు. “చిన్నప్పుడు నాకెవలో బాణామతి చేసిన్రంట, మా నాయిన చెప్పెటోడు. ఎంత పిచ్చోల్లో సూడు అప్పటోల్లు.”

చెప్పకుండా ఉండలేకపోయాను. ఎవరు చేశారన్నారో, ఆమెను ఏం చేశారో, నిన్ను దవాఖానకు తీసుకుపొమ్మని అప్పుడు మొదట అడిగింది ఎవరో అన్నీ చెప్పాను. వాడు గ్లాసు కింద పెట్టేశాడు. “నాకెవ్వలు చెప్పలే అక్కా” అన్నాడు. అబద్ధం కాదనుకుంటాను. తర్వాత వాడు ఫోను చేయలేదు, నేను గృహప్రవేశానికి పోలేదు.

ఇప్పుడు ఆ ఊళ్ళో జ్వరమొస్తే కారులో పట్నం ఆసుపత్రికి పరుగెత్తుతారు, బాణామతి అంటే పిల్లలు పకపకా నవ్వుతారు. మంచిదే, ఆ భయం పోవాలనే కదా మనమంతా కోరుకున్నది. కానీ భయంతో పాటు ఆ భయం ఎవరి నెత్తిన పడిందో ఆ మనుషులు కూడా తుడిచిపెట్టుకుపోయారు. పిచ్చోళ్ళు అప్పటోళ్ళు అనేస్తే చాలు, ఎవరూ ఎవరికీ క్షమాపణ చెప్పుకునే అవసరం లేదు. నేనూ, నా ఈడువాళ్ళు మరికొందరూ పోయాక, ఆ ఊళ్ళో చిన్నమ్మ పేరు చెబితే ఆమె ఎవరని అడుగుతారు.