వాసన జూడని ఇల్లు

గప్పట్ల మా ఇంట్ల నలుగురికి నాలుగు ముక్కులుండె గని, వాటికి పని మాత్రం లేకుండె. మాదన్నపేటల మాది పూల ఇల్లు. బాపు పొద్దుగాల్నే టీవీఎస్ బండి మీద గుడిమల్కాపూర్ మార్కెట్‌కు పోయి తడి గోనె సంచులల్ల పూలు తెచ్చేటోడు. అమ్మ, నాయినమ్మ ముందటర్రల కూసొని కట్టేటోళ్లు. గుళ్లకు మాలలు, పెండ్లిపిల్లలకు జడలు, నిఖాలకు పెండ్లికొడుకు మొకం ముంగట యాలాడే సెహరాలు, అన్నీ ఆ ఒక్క అర్రలనే తయారయ్యేటియి. పూలోళ్ల ఇల్లు గద, గుమగుమలాడుతుంటదని మీరనుకుంటరు. అనుకోండ్రి, మేం గూడ గట్లనే అనుకున్నం. అసలు సంగతేందంటె మా ఇంట్ల ఎవ్వరూ పూలు వాసన జూడకపోయేది. "దేవుని పూలు వాసన జూస్తె ఎంగిలైతయి" అని నాయినమ్మ పెట్టిన కానూన్. ఏ మొగ్గ దేవునికి పోతదో ఏది పెండ్లికి పోతదో కట్టేటప్పుడు ఎవరికెరుక? గందుకని అన్ని పూలకు అదే కానూన్. చిన్నప్పుడు ఒక్కసారి నేను మల్లెమొగ్గల గంపల మొకం పెట్టిన. నాయినమ్మ వీపు మీద ఒక్కటి సరిచి, ఆ గంప గంప వాడకట్టు ఆడపిల్లలకు పంచిపెట్టింది. (వాళ్లు మస్తు ఖుషీ అయిండ్రు. మల్లెప్పుడు వాసన జూస్తవ్ అక్కా అని అడిగేటోళ్లు.)

నాయినమ్మకు పూల తర్వాత పిల్లులే పానం. ఎలుకలు దారపుండలు కొరుకుతున్నయని ఎప్పుడో ఒక పిల్లిని తెచ్చుకున్నదట. దాని పేరు బేగం. బేగంకు జర్దా, బిస్కెట్ అని ఇద్దరు బిడ్డలు, నవాబు అని ఒక్కడే కొడుకు. నవాబు తెల్లగుంటడు, మూతి మీద మాత్రం నల్లటి మచ్చ, మీసం తిప్పినట్టు. ఇంట్ల పులి బజార్ల పిల్లి అంటరు గద, మావోడు రెండు కాడల పిల్లే. ఎలుక కనవడితె నాయినమ్మ కాళ్ల సందుల దూరేటోడు. అయినా పాల మీది మీగడ వానిదే, నాయినమ్మ దుప్పటి వానిదే. "మగపిల్లగాడు, జర మెల్లగ నేర్సుకుంటడు తియ్" అనేటిది నాయినమ్మ. నేను డిగ్రీ ఫెయిలైనప్పుడు నా గురించి గీ మాట ఎన్నడన్న అన్నదా? అనలే.

అప్పుడప్పుడే సప్లిమెంటరీల పాసై, దిల్‌సుఖ్‌నగర్ల ఒక కంటద్దాల షాపుల కౌంటర్ మీద కూసునుడు షురూ చేసిన. నా పక్క కుర్సీల అమ్మాయి రోజింత కుర్సీ దూరం జరుపుకునేది. పూలోళ్ల పిల్లను, నా మీదికెళ్లి మల్లెల వాసన వస్తుంటది, కుళ్లుకుంటున్నది పాపం అనుకున్న. ఆమె మీద జాలి గూడ పడ్డ.

గిట్లుండంగ ఒకనాడు మాపటిపూట అత్తరు చాచా మా ఇంటికొచ్చిండు. చాచా మా పాత గిరాకి, ఆయనది అత్తరు దుకాణం. వారం కింద ఆయన పెద్దకొడుకు నిఖాకు మా ఇంటి సెహరానే పోయింది. కుర్సీ ఏస్తె కూసోలే, చాయ్ ఇస్తె పట్టుకున్నడు గని తాగలే. నేల దిక్కు జూసుకుంట, "బేటా, బురా నక్కో మానో. సెహరా దేఖ్‌నే కు మాషాల్లా. మగర్ ఖుష్‌బూ మే..." అని ఆగిండు. ఏమనుకోకు, చూసేటందుకు మంచిగున్నది గని వాసనల ఏదో ఉన్నదంటున్నడు. "వాసనల ఏమున్నది చాచా?" అన్న నేను. చాచా గొంతు తగ్గించి, "బిల్లీ థీ" అన్నడు.

వాసనల పిల్లి ఉన్నదట! మెల్లగ ఒక్కొక్కటే బైటవడ్డది. సెహరా మొకం మీద యాలాడేసరికి పెండ్లికొడుకుకు ఊపిరాడలేదట. ఖాజీ సాబ్ మొదటిసారి అడుగంగనే 'ఖుబూల్ హై' అని మూడుసార్లు ఒక్కటే దమ్ముల చెప్పేసి సెహరా గుంజి పక్కకేసిండట. పిల్లగానికి గింత తొందరేంది అని పిల్ల తరఫోళ్లు నవ్విండ్రట. అది గూడ పోనియ్యి. మెహమాన్లందరు చాచా కాడికొచ్చి, "క్యా చాచా, నయా ఇత్తర్ హై క్యా?" అని, గిదేమన్న కొత్త అత్తరా అని అడిగిండ్రట. అత్తరమ్మేటోనికి గింతకన్న ఇజ్జత్ పొయ్యేది ఇంకేముంటది? అయినా ఆ పెద్దమనిషి గుస్సకు రాలే. "వచ్చే నెల చిన్నోని నిఖా. మా అబ్బా కాలంకెళ్లి మీ ఇంటి సెహరానే. దుకాణం మార్చబుద్ధి అయితలేదు. ఇంకొక్కసారి జూస్త" అని, చల్లారిన చాయ్ మర్యాదకు ఒక్క గుక్క తాగి పోయిండు.

అమ్మ ఆ రాత్రి బువ్వ తినలే. ఈ ఇంటికి కోడలై వచ్చినప్పటికెళ్లి పూలు కడుతున్నది, ఒక్కనాడు ఒక్కరు ఒక్క మాట అనలే. పొద్దున లేవంగనే ఫైసలా చెప్పింది: "చిన్నోని సెహరా దాక జూస్త. అప్పటికి ఈ వాసన పోకుంటె నాలుగు పిల్లులు సంచిల, సంచి మూసీ అవుతల." నాయినమ్మ దారం తెంపుకుంట, తల గూడ ఎత్తకుండ, "ఇంకో సంచి గూడ తెచ్చుకోండ్రి. నన్ను గూడ ఏసుకపోదురు" అన్నది. ఇగ ఇద్దరికి మాటలు బంద్. నడుమల నేను. "మీ అమ్మకు చెప్పు దారం అయిపోయిందని", "మీ నాయినమ్మకు చెప్పు దారం ఆమె కాళ్ల కిందనే ఉన్నదని", గిదే నా డ్యూటీ.

వాసన ఎక్కడిదో కనిపెడదామని షురూ చేస్తె, మా ముక్కులకు ఏం తెలుస్తలేదు. అండ్లనే పుట్టి అండ్లనే పెరిగితె ఏం తెలుస్తది? షాపుల నా పక్కమ్మాయిని సక్కగ అడిగేసిన. ఆమె నెత్తి గోక్కుంట, "ఎన్నడో చెప్పేదాన్ని గని నువ్వు బాధపడతవని..." అన్నది. నేను జాలిపడ్డది ఆమె మీద, ఆమె జాలిపడ్డది నా మీద! ఇగ అమ్మ పొద్దున ఒకసారి, మాపున ఒకసారి ఫినాయిల్ పోసి కడుగుడు. కడిగిన కొద్ది వాసన పెరిగింది. నేను నిమ్మతొక్కలు మూలమూలకు పెట్టిన, జర్దా బిస్కెట్ వాటితోని బంతాట ఆడుకున్నయి. టబ్బుల ఇసుక పోసి పెట్టిన, నవాబు అండ్ల గుండ్రంగ ముడుసుకొని పన్నడు. "పాపం, పిల్లగానికి పరుపేసినవ్ బిడ్డా" అని నాయినమ్మ నన్ను మెచ్చుకున్నది. అయితె ఆ వారంల దొంగ మాత్రం దొరికిండు. పూల సంచి గోడకు ఆనిచ్చి ఉన్నది. నవాబు దాని కాడికి పోయి, వెనక్కి తిరిగి, తోక నిలువుగ లేపి, ఆ తోక కొసను వణికించుకుంట... అగో! నిలబడే పని కానిచ్చిండు. నాయినమ్మ గూడ చూసింది. చూసి, "గాలికి తోక ఊగింది" అన్నది.

పశువుల దవఖానకు నవాబును పూలబుట్టల పెట్టుకొని, మీద తువ్వాల కప్పి, ఆటోల తీస్కపోయినం. డాక్టర్ సాబ్ అంతా ఇని నవ్విండు. "ఇది ఉచ్చ పోసుడు కాదమ్మా, బోర్డు పెట్టుడు. 'ఈ జాగ నాది' అని. వేరే మగపిల్లి వాసన తగిల్తె పెడుతడు. మీ ఇంటికి కొత్త పిల్లి వస్తున్నదా?" అన్నడు. రాదు సార్ అన్న. "ఫినాయిల్ బంద్ చేయుండ్రి, పిల్లులకు అది విషం. పైంగ ఆయన బోర్డు మీరు తుడిస్తె ఇంకోటి పెడుతడు. ఆపరేషన్ చేపిస్తె శాన తగ్గుతది" అన్నడు. నాయినమ్మ బుట్ట మీద తువ్వాల సర్రున కప్పేసింది, నవాబు చెవుల పడొద్దని. "ఆపరేషనా? ఖాందాన్ ఆగిపోదా సారూ?" అన్నది. "ఖాందాన్ పేరు మీద గిన్ని బోర్డులు పెట్టిండు గదా అవ్వా, ఇంకా చాలవా?" అన్నడాయన. ఆయనతోని గూడ మాటలు బంద్ పెట్టి ఇంటికొచ్చింది.

నాకు మాత్రం ఆ సవాలు నెత్తిల గిరగిర తిరుగుడే. వేరే పిల్లి ఏది? డాబా మీద చూసిన, కిటికీలు మూసిన, గల్లీల ఉన్న పిల్లులన్నిటిని పరిచయం చేసుకున్న. ఒక్కటి గూడ మా గడప తొక్కలే. షాపుల గిరాకికి అద్దాలు పెట్టుకుంట గూడ అదే ఆలోచన. రాని పిల్లి మీద మావోనికి గంత గుస్స ఎందుకు?

గంతల బాపుకు జరమొచ్చింది. మార్కెట్ బంద్, పూలు బంద్. ఆ కొన్ని దినాలు నవాబు బంగారం. తోక లేపలే, బోర్డు పెట్టలే. సబ్బుతోని కడుగుతున్న గద, గందుకే అని అమ్మ. మొక్కుకున్న గద, గందుకే అని నాయినమ్మ. జరం తగ్గి బాపు మొదటిసారి మార్కెట్‌కు పోయొచ్చిండో లేదో, మావోడు మల్ల సంచికి వీపు తిప్పిండు! నా పానం లేచొచ్చింది. అంటె తెచ్చేది బాపే! వెంటనే బాపు తువ్వాల వాసన జూసిన, అంగి జూసిన, హెల్మెట్ల తలకాయ పెట్టి జూసిన. "ఏం పుట్టుక పుట్టినవే, నాయినను గట్ల వాసన జూస్తున్నవ్!" అని అమ్మ నెత్తి కొట్టుకున్నది. ఇగ మిగిలింది సంచి. పూల సంచి! నాయినమ్మ దిక్కు జూసిన, వీపు సవరించుకున్న, కండ్లు మూసుకొని సంచికి ముక్కు ఆనిచ్చిన. యమ్మో! తల తిరిగింది. గని తిరిగిన తలకు ఒకటి అర్థమైంది, అండ్ల వాసనలు రెండున్నయి. ఒకటి మావోనిది (అప్పటికి నాకు గుర్తువట్టుడొచ్చింది, సిగ్గులేకుండ చెప్తున్న). రెండోది ఎవనిదో, ఇంకా ఘాటు.

తెల్లారి బాపు బండెనక కూసొని మార్కెట్‌కు పోయిన. మాకు పూలిచ్చే సేటు కాడ సంచులు వాపస్ ఇచ్చి వేరే సంచులు తెచ్చుకునుడు ఎన్నేండ్లకెళ్లో రివాజు. ఆ సంచుల కుప్ప మీద పండి ఉన్నడు వాడు. గోధుమ రంగు, గుమ్మడికాయంత తలకాయ, ఒక చెవి చినిగింది. బాపు మా ఇంటి సంచులు కింద పడేసిండు. వాడు మెల్లగ దిగొచ్చిండు. పెద్దమనుషులు పేపర్ చదివినట్టు ఈ కొసకెళ్లి ఆ కొస దాక వాసన జూసిండు. ఆలోచన చేసిండు. వెనక్కి తిరిగిండు. తోక లేపిండు. నేను నవ్వాపుకోలేక బంతిపూల కుప్ప మీద కూలవడ్డ. "సేట్, ఏ కౌన్ హై?" అంటె, "ఏ హమారా మేనేజర్ హై బేటీ. చూహా ఆనే నై దేతా" అన్నడు సేటు గర్వంగ. ఎలుకల్ని రానియ్యని మేనేజర్! అంటె ఈడ మేనేజర్ రాసుడు, ఆడ నవాబు జవాబిచ్చుడు. ఒకని మొకం ఒకడు ఎన్నడు చూడలే, అయినా నెలలకెళ్లి జంగ్ నడుస్తున్నది. మనం వాసన జూడం గనుక మన ముంగటికెళ్లే పోయింది మొత్తం. బాపు సంచి దిక్కు, మేనేజర్ దిక్కు జూసిండు. తర్వాత, "గిన్ని దినాలు నేను వీళ్ల పోస్ట్‌మ్యాన్‌నా?" అన్నడు.

అసలు ఏం రాసుకున్నరో అని నాకు ఇప్పటికీ అనిపిస్తది. 'ఎవడ్రా నువ్వు' అని వీడు, 'నువ్వెవడ్రా' అని వాడు, గింతేనా? నెలలకెళ్లి గిదొక్కటే రాస్తె విసుగు రాదా? సరే, సంచులు బంద్ పెట్టినం. బాపు ప్లాస్టిక్ టబ్బులు కొన్నడు, నల్లా నీళ్ల కింద కడిగి ఎండల పెట్టుడు. గోడలకు వంటసోడా, సిర్కా (గదే, వెనిగర్). సంగతి మొత్తం ఇన్నంక నాయినమ్మ మెత్తవడ్డది. "మావోని తప్పు లేదు, దుష్మన్‌గాడు లేపిండు" అని, దవఖాన బైట బెంచి మీద కొంగు నోట్ల పెట్టుకొని కూసొని ఆపరేషన్‌కు ఒప్పుకున్నది. ఇంటికొచ్చినంక ఉడకపెట్టిన మేక కారిజం ఆమె చేతితోనే తినిపించింది. అమ్మ పక్కకెళ్లి మంచినీళ్ల గిన్నె జరిపింది. అదే వాళ్ల రాజీ.

చిన్నోని నిఖా నాడు ఇంట్ల పెండ్లి మాదే అన్నట్టుండె. సాయంత్రానికి సెహరా తయారైంది. మొకం మీదికి యాలాడే మల్లె లడీలు, కొసలకు గులాబీలు, అప్పుడప్పుడే మొగ్గలు విచ్చుకుంటున్నయి. చాచా దర్వాజ కాడికొచ్చి నిలబడ్డడు. ఇగ ఇచ్చేముందు ఎవరో ఒకరు వాసన జూడాలె. బాపుకు జలుబు. నా ముక్కు మీద అమ్మకు నమ్మకం లేదు, "సంచులు వాసన జూసి జూసి ఖరాబైంది" అన్నది. మిగిలింది అమ్మనే. సెహరా పట్టుకొని నాయినమ్మ దిక్కు జూసింది. మాటలు బంద్ అయినకాంచి గదే మొదటిసారి సక్కగ జూసుడు. నాయినమ్మ గోడ దిక్కు మొకం తిప్పుకొని, "పెండ్లిది గద, దేవునిది కాదు గద. జూడు" అన్నది.

అమ్మ పరదా వెనకకు పోయింది, ఆమె ఎంబడే నేను. మల్లెలల్ల మొకం పెట్టింది. ఎంతకూ లేపదు. నాయినమ్మ నవాబును ఒడిల గట్టిగ పట్టుకున్నది. "అమ్మా, ఉన్నదా ఇంకా?" అని మెల్లగ అడిగిన. అమ్మ మొకం లేపింది. కండ్లల్ల నీళ్లు. "గిట్లుంటదా?" అన్నది. ఏదమ్మా అంటె, "మల్లె" అన్నది. "పొద్దుగాల మొగ్గలుంటయి, వాసనుండదు. విచ్చుకునే యాల్లకు ఎవలింట్లనో ఉంటయి. మిగిలితె తలల పెట్టుకుంట గని, గింత దగ్గరికెళ్లి ఎన్నడు జూడలే బిడ్డా." నేను పిల్లి ఎవడో కనిపెట్టినదాన్ని, మా అమ్మ సంగతి గిన్నేండ్లు ఒక్క ఇంట్ల ఉండి కనిపెట్టలే. బైట చాచా సెహరా మొకానికి దగ్గర పెట్టుకొని, "వాహ్! ఆజ్ ఇత్తర్ నక్కో" అని తన అత్తరు సీసా జేబులకెళ్లి తియ్యకుండనే పోయిండు.

నవాబు కొన్ని దినాలు టబ్బు వాసన జూసి, ఏం లేకపోతె బాపు మొకం దిక్కు జూసేటోడు, ఉత్తరం రాలేదా అన్నట్టు. తర్వాత తర్వాత మరిసిపోయిండు. ఇప్పుడు ముసలోడయిండు, బోర్డులన్నీ దించేసి ఎండకు పంటడు. సంచిల ముక్కు పెట్టి పరేషానైన ఆనాటి పిల్లను, అంటె నన్నే, తలుసుకుంటె నాకు నవ్వొస్తది, జర ముద్దు గూడ వస్తది. అమ్మ మాత్రం ఆ నాటికెళ్లి ఒక్క సెహరా గూడ వాసన జూడకుండ ఇంట్లకెళ్లి పోనియ్యదు. "చెకింగ్ చెయ్యాలె గద, మల్ల మాట రావద్దు" అంటది. పిల్లి ఎప్పుడో మానేసిందమ్మా అని నేనెన్నడు గుర్తు చెయ్యలే. నాయినమ్మ గోడ దిక్కు తిరిగి కూసుంటది. గిరాకి దర్వాజ కాడ తొందర వెడుతుంటె, అమ్మ మల్లెలల్లకెళ్లి మొకం తియ్యకుండనే, "జర ఆగుమను, ఇంకా చూస్తున్న" అంటది.