పిట్ట ముట్టని కంకులు

నా చిన్నప్పుడు, డెబ్భైల్లో, మా చేనులో కొన్ని జొన్న కంకులు కాగితం టోపీలు పెట్టుకుని నిలబడేవి. జహీరాబాద్ నుంచి రాయికోడ్ పోయే బస్సులో జనం కిటికీల్లోంచి చూసి నవ్వుకునేవారు. వాటికి ఆ కాగితం సంచులు కట్టింది పంటల జన్యుశాస్త్రం చదివిన ఒక మేడం. ఆమె ఆఫీసులో ఆ చదువు చదివిన ఆడమనిషి ఆమె ఒక్కరే.

తక్కువ వానకు పండే జొన్నను తయారుచేయాలని, మా తాతయ్యను అడిగి చేనులో ఒక మూల తీసుకున్నారు. మూడేళ్లపాటు పదిహేను రోజులకోసారి బస్సు దిగి, కొంగు నడుముకు చుట్టి సాళ్లలోకి నడిచేవారు. ఆడమనిషి ఎండలో ఎన్నాళ్లు నిలబడుతుందని పైఅధికారులు పెదవి విరిచేవారట. ఆ మూడో ఏడాది కొత్త విత్తనం చూపించకపోతే పని ఇంకొకరికి ఇచ్చేస్తామన్నారని మా నానమ్మతో ఆమె చెబుతుంటే విన్నాను.

పక్క మొక్క పుప్పొడి పడకుండా, ఏ కంకి పుప్పొడి ఆ కంకికే అందాలని సంచి కడతారని ఆమె నాకు చెప్పారు. మూడేళ్లు ఏరగా ఏరగా మిగిలిన మంచి మొక్కలు తొమ్మిదే. ఆ సంచుల సంగతి తాతయ్యకు చెప్పబోతే, పిట్టలు ముట్టకుండానే కదా అని మధ్యలోనే తలూపేశాడు. తనకు తెలియని విషయం ఒకటుందని ఒప్పుకోవడం ఆయనకు బొత్తిగా అలవాటు లేదు.

కంకులు పాలుపోసుకుని గట్టిపడుతున్న రోజులవి. ఒక ఆదివారం నేను బస్సు దగ్గరికి ఎదురెళ్లి మేడంను చేనుకు తీసుకొచ్చాను. తాతయ్య పిడకల నిప్పు మీద లేత కంకులు కాల్చి, చేతులతో నలిచి, ఊసబియ్యం చేసి పెట్టాడు. పక్కన బెల్లం, పల్లీల కారం. ఆ పక్కనే తొమ్మిది ఖాళీ సంచులు.

"పిట్ట ముట్టని కంకులు బిడ్డా. నువ్వు దాచుకున్నయి నీకే పెడుతున్న. జర తిను," అన్నాడు ముఖమంతా నవ్వుతో.

అవి ఆ తొమ్మిది మొక్కల కంకులే. నోరు తెరవబోతే మేడం నా చెయ్యి గట్టిగా నొక్కారు. కూర్చున్నారు. గుప్పెడు తిన్నారు. "మస్తు తియ్యగున్నయి కాకా. ఇంకింత పెట్టు," అన్నారు. తిన్నాక నోటుబుక్కు తీసి, అన్నిటికన్నా తియ్యగా ఉన్న కంకి ఏ మొక్కదని అడిగారు. మూడో సాలు చివరిదని తాతయ్య ఠక్కున చెప్పాడు. రాసుకున్నారు.

తర్వాత నన్ను వెంటబెట్టుకుని గట్టు మీదికి వచ్చి కూర్చున్నారు. ఆమె కళ్లు తుడుచుకుంటే నాకూ ఏడుపొచ్చేసింది. కాసేపటికి లేచి, కంకులు తెగిన మొక్కలను ఒక్కొక్కటే వంగి చూశారు. మొక్కల గుర్తులు రాసి కట్టిన చీటీలు కాడలకే వేలాడుతున్నాయి. నీళ్లు పోస్తే మొదట్లోంచి పిలకలు వస్తాయని, అదే మొక్క కాబట్టి గింజా అదే అవుతుందని చెప్పారు.

ఆ తొమ్మిదింటికీ నీళ్లు పోయమని అడగ్గానే తాతయ్యకు సంగతి అర్థమై ముఖం వాడిపోయింది. ఆమె మాత్రం నవ్వారు. "ఫికర్ చెయ్యకు కాకా. మూడేండ్ల నుంచి ఎత్తు కొలిచిన, బరువు కొలిచిన. రుచి చూడాలని నాకే తోచలే."

ఇక మా తాతయ్యను చూడాలి! రోజూ కడవలతో నీళ్లు మోసేవాడు. ఆవులను, మేకలను, చివరికి గడ్డి కోయవచ్చిన మా నానమ్మను కూడా కర్ర పట్టుకుని తరిమేవాడు. తొమ్మిదింట్లో ఐదింటి పిలకలు కంకి వేశాయి. మూడో సాలు చివరిది కూడా బతికింది. దాని విత్తనమే ఆమె ఆఫీసులో చూపించారు. రాయికోడ్ చుట్టుపక్కల ఊళ్లన్నిటా తర్వాత ఆ జొన్నే వేశారు. పెదవి విరిచిన ఆఫీసుకే ఆమె పెద్ద అధికారి అయ్యారు. ఆమె తర్వాత పెట్టించిన ప్రతి పంట పుస్తకంలో రుచికి ఒక గడి ఉండేది. అది మా తాతయ్య చెప్పిందేనని రైతులందరికీ చెప్పేవారు. కంకులు కోసేసిన సంగతి మాత్రం ఎత్తేవారు కాదు.

మూడేళ్ల కష్టం నోట్లో వేసుకుని నమలడానికి ఎంత ప్రేమ కావాలో నాకు పెద్దయ్యాక గానీ తెలియలేదు. ప్రేమతో చేసిన పొరపాటును చూస్తే నాకు ఇప్పటికీ ముందు ఆమే కనిపిస్తారు. మొన్న మా కోడలు, చెదలు పడతాయని మేడం నాకు రాసిన ఉత్తరాలన్నీ డాబా మీద ఎండబెట్టింది. వాన కురిసింది. తడిసిన కట్ట పట్టుకుని, పాడవకూడదనే ఎండబెట్టానంటూ నా ముందు నిలబడింది. ముందు ఇద్దరికీ చాయ్ పెట్టమన్నాను. తాగాక ఇద్దరం కూర్చుని ఒక్కో కాగితం విప్పి ఆరబెట్టాం. సగం ఉత్తరాల్లో సిరా కరిగిపోయింది. కోడలి ముఖం మాత్రం చిన్నబోలేదు.