నువ్వులు దంచిన రోలు: జడ్చర్ల నుంచి కొండాపూర్ దాకా ఒక రోజు

మాది జడ్చర్లకు పన్నెండు కిలోమీటర్ల అవతల ఒక పల్లె. మూడెకరాల చెలక, ఏటా అందులో పల్లీ వేస్తాం. మా బిడ్డ స్వాతికి పదేళ్లు. ఆమెకు పల్లీ పడదు. రెండేళ్ల కింద చేన్లో కాల్చిన కాయలు నాలుగు తిన్నది. అరగంటలో పెదవులు వాచి, ఒళ్లంతా దద్దుర్లు లేచి, ఊపిరికి కష్టపడ్డది. జడ్చర్ల దవాఖానలో బతికింది. తర్వాత చేయించిన రక్తపరీక్షలో పల్లీతో పాటు నువ్వుల పేరు కూడా వచ్చింది. నువ్వులు తిని ఆమెకు ఎప్పుడూ ఏమీ కాలేదు. అయినా కాగితం చూసి భయపడి అవీ మాన్పించాం. ఈ ఏడు గురుకులంలో ఐదో తరగతి సీటు వచ్చింది. హాస్టల్ చూసే మేడం మాత్రం ఖరాఖండిగా చెప్పింది: "పల్లీ ఒక్కటైతే మేం చూసుకుంటం. పల్లీ మానితే నువ్వులేసి వండుతం. రెండూ వద్దంటే మాతోని కాదు. ఏది పడదో డాక్టర్‌తోని రాయించుకొని సోమవారం రండి." అందుకే శుక్రవారం హైదరాబాదు బయలుదేరాం.

కొండాపూర్‌లో పిల్లల ఎలర్జీలు చూసే డాక్టరమ్మ దగ్గరికి నెల కింద ఒకసారి పోయి ఉన్నాం. చేతి మీద చుక్కలు వేసి సూదితో గుచ్చి చూసే పరీక్ష చేసింది. పల్లీ చుక్క దగ్గర పెద్ద దద్దు లేచింది, నువ్వుల దగ్గర చిన్నది. "ఇంత చిన్న దద్దును బట్టి చెప్పలేమండి. మా కళ్లముందు కొద్దికొద్దిగా తినిపిస్తేనే తేలుతుంది. ఇంట్లో మాత్రం మీరు ప్రయత్నించొద్దు" అన్నది. నువ్వులు దంచి తెమ్మన్నది. వారం ముందు నుంచి జలుబు మందులు, దురద మాత్రలు వేయొద్దన్నది. వేస్తే ఒంట్లో మార్పు సరిగ్గా తెలియదట.

పొద్దున ఐదున్నరకు జడ్చర్లలో ఎక్స్‌ప్రెస్ బస్సు ఎక్కాం. ఆడవాళ్లకు బస్సు ఉచితం కాబట్టి ఆధార్ కార్డు చూపిస్తే స్వాతికి టికెట్ డబ్బులు లేవు, నాకు నూట ముప్పై దాకా అయింది. విత్తనం వేసే రోజులు కాబట్టి నా భార్య చేన్లోనే ఉండిపోయింది. ఏడున్నరకు ఆరాంఘర్‌లో దిగి సిటీ బస్సులో మెహదీపట్నం, అక్కణ్ణుంచి ఇంకో బస్సులో కొత్తగూడ చేరేసరికి తొమ్మిదీ ఇరవై. గచ్చిబౌలి దాటాక బస్సు నడవదు, పాకుతుంది. ఆ గంట లెక్కలో పెట్టుకోవాలి. కొత్తగూడలో ఆటో మాట్లాడుకున్నాం. మా సంగతి విని డ్రైవర్ నవ్వాడు.

"పల్లీ పండిస్తరు, బిడ్డకేమో పల్లీ వడదా? చేపకు నీళ్లు వడనట్టుంది గదన్నా."

స్వాతి ఊరుకోలేదు. "చేపకు నీళ్లు వడకపోతే చెర్వు ఇడిచిపోతది. నేను చేన్లనే ఉన్న గద."

"ఓయమ్మ, లాయరమ్మవున్నవు గదనే" అని డ్రైవర్ అద్దంలో ఆమెను చూశాడు.

పదింటికి డాక్టరమ్మ పిలిచింది. మంచం, బీపీ చూసే మిషను, పక్కనే ట్రేలో ఊపిరి ఆడకపోతే ఇచ్చే ఇంజెక్షన్, అన్నీ సిద్ధంగా పెట్టుకున్నాకే మా డబ్బా అడిగింది. మా అమ్మ నువ్వులు, బెల్లం కలిపి దంచి ఇచ్చిన పొడి అది.

"ఇందులో ఇంకేమైనా కలిసిందాండి?"

"లేదు మేడం. ఒట్టి నువ్వులు, బెల్లం" అన్నాను.

స్వాతి నా చెయ్యి పట్టుకుంది. "నాయినా, నాయనమ్మ దీన్ని దేంట్ల దంచింది?"

"రోట్లె."

"మన రోట్లెనా? పల్లీ పొడి దంచే రోట్లెనా?"

మా ఇంట్లో ఉన్నది ఒక్కటే రోలు. నేను పుట్టకముందు నుంచి అందులో పల్లీ దంచుతున్నారు. డాక్టరమ్మ చెంచా కింద పెట్టేసింది.

"ఇది పెడితే దద్దుర్లొచ్చినా అది నువ్వులదో, రోట్లో పల్లీదో తెలిసేది కాదండి. అంతకంటే పెద్ద ప్రమాదమే జరిగేది" అన్నది. తర్వాత గడియారం చూసింది. "పెట్టడానికి రెండు గంటలు, చూడటానికి ఇంకో రెండు గంటలు కావాలి. పదకొండున్నరలోపు వేరే నువ్వులు తెస్తే మొదలుపెడదాం. లేదంటే మళ్లీ పదిహేను రోజుల తర్వాతేనండి."

సోమవారం నా ముందు నిలబడ్డది. కిందికి పరుగెత్తాం. అద్దాల మేడల వెనక గల్లీలో ఒక పాత కిరాణా కొట్టు దొరికింది. నువ్వుల సంచీ ఉంది. నేను పావుకిలో అడగబోతుంటే స్వాతి పక్క సంచీ చూపించింది. పల్లీల మీదున్న గరిటెతోనే షావుకారు నువ్వులు తీయబోతున్నాడు.

"తాతా, ఆ గరిటెతోని వద్దు. సీల్ ప్యాకెట్ ఉందా?"

"గీ కొట్టుల సీలెక్కడిది బిడ్డా! నేనే సీలు. రోడ్డు మీద పెద్ద దుకాణంల జూడు పో."

పెద్ద దుకాణంలో ఎడమచేతి అరలో రెండు రకాలున్నాయి. మా బిడ్డకు ఇంగ్లిష్ అంతంత మాత్రమే. కానీ పల్లీకి ఇంగ్లిష్‌లో ఎట్లా రాస్తారో బడిలో సార్‌తో రాయించుకొని కంఠతా పెట్టింది. మొదటి ప్యాకెట్ వెనక ఆ మాట కనబడగానే తిరిగి అరలో పెట్టింది. రెండోదాని మీద వేలు పెట్టి అక్షరం అక్షరం చూసి, "దీంట్ల లేదు" అన్నది. నేను కూడా చూశాను. చూడకపోయినా సరిపోయేది.

తిరిగొచ్చేసరికి పదకొండు దాటింది. డాక్టరమ్మ కూడా ప్యాకెట్ చదివి సరేనన్నది. దంచాలి. కింద క్యాంటీన్ వంటామె మిక్సీ తీయబోతే స్వాతి ఆపింది.

"అవ్వా, అండ్ల పొద్దున ఏం వట్టిన్రు?"

"ఇంకేం, పల్లీ చట్నీ" అని ఆమె నాలుక కరుచుకుంది. తర్వాత నవ్వింది. "ఉండు తల్లీ, నీకో ఉపాయం చెప్తా." సీల్ విప్పని ప్యాకెట్‌ను బల్ల మీద పరిచి చపాతీ కర్రతో అటూ ఇటూ అదిమి నలిపింది. రూపాయి తీసుకోలేదు. "మా మనవడికి గుడ్డు పడదు. వాడికీ ఇట్లాంటి నోరుంటే బాగుండు" అన్నది.

పదకొండూ ఇరవైకి మొదటి చిటికెడు. ఇరవై నిమిషాలకోసారి కొద్దిగా పెంచుతూ పోయారు. ప్రతిసారీ నర్సు నోరు, చర్మం, ఊపిరి చూసింది. ఒకటీ ఇరవైకి చివరి చెంచా. నేను గోడనానుకొని స్వాతి పెదవులే చూస్తూ కూర్చున్నాను. మూడున్నరైంది. దద్దు లేదు, వాపు లేదు. డాక్టరమ్మ కాగితం రాసింది: పల్లీ చిటికెడు కూడా వద్దు, నువ్వులు తినొచ్చు, మానకుండా తినాలి. పొరపాటున పల్లీ తింటే ఏం చేయాలో, ఇంజెక్షన్ ఎప్పుడు ఇవ్వాలో వేరే పేజీలో రాసి, నాతో రెండుసార్లు చెప్పించుకుంది. మూడోసారి స్వాతితో చెప్పించింది. నేను ఒక మాట మరిచాను. ఆమె మరవలేదు.

రాత్రి ఎనిమిదిన్నరకు ఇల్లు చేరాం. సంగతి విని మా అమ్మ చిన్నబోయింది. "మూడుసార్లు కడిగిన గదరా" అన్నది. "నువ్వు కడిగినవ్ నాయనమ్మా, రాయి ఇడిచిపెట్టలె" అని స్వాతి ఆమె పక్కన కూర్చున్నది.

ఆ రోజు నేను చేసింది బస్సెక్కించడం, దింపడం మాత్రమే. బిడ్డను కాపాడుకోవడం నా పని అనుకుంటూ రెండేళ్లు తిరిగాను. ఆమె తనను తాను కాపాడుకోవడం ఎప్పుడు నేర్చిందో నేను చూడలేదు. పరీక్షకు పోయేవాళ్లకు నేను చెప్పగలిగింది ఒకటే. తిండిలో ఏం వేశారని అందరూ అడుగుతారు. దేంట్లో దంచారు, ఏ గరిటెతో తీశారు అని కూడా అడగండి. ఆ అడగడం పిల్లలకే నేర్పండి. సోమవారం గురుకులంలో మేడం కాగితం చదివి, "ఇగ ఫికర్ లేదు, పల్లీ ఒక్కటే గద" అన్నది. నేను దండం పెట్టి లేవబోతున్నాను. స్వాతి లేవలేదు.

"మేడం, మీ వంటింట్ల మిక్సీలెన్ని?"