తాత పీట ఇంట్లో వదిలి వెళ్ళిన రోజు

మా ఎదురింటి తాత పోయిన శనివారం తెల్లవారుజామున చనిపోయారు. నేను వాకిట్లో ముగ్గు వేస్తుంటే ఆయన కూతురు తలుపు తీసి, "నాయన లేడు మ్మే" అంది. ముగ్గు సగంలోనే ఆపేశాను. తొంభై దాటిన మనిషి, పుణ్యాత్ముడు, సుఖంగా పోయాడని వచ్చినవాళ్ళందరూ అన్నారు. నాకు ఆ మాట అనడానికి నోరు రాలేదు. తాత వయసు మీరి పోలేదు. ఒక ఆఫీసు వరండాలో నిలబడి నిలబడి పడిపోయి, తుంటి విరిగి, పుత్తూరు కట్టు కట్టించినా లేవలేక పోయారు. నేను గట్టిగా మాట్లాడే మనిషిని కాదు. అందుకే రాస్తున్నాను.

మాది పుత్తూరుకు దగ్గర్లో నేతపని వాళ్ళ వీధి. తాత దగ్గర జానెడు ఎత్తు చెక్కపీట ఒకటి ఉండేది. ఏ ఆఫీసుకు పోయినా దాన్ని చంకలో పెట్టుకొని పోయేవారు. అధికారి ఎదురుగా వేసుకొని, కూర్చొని, అప్పుడే మాట మొదలుపెట్టేవారు. పీట తాత అని వీధిలో ఎగతాళి చేస్తే ఆయనకు కోపం వచ్చేది కాదు. "సారుకు కుర్చీ సర్కారిచ్చింది, నాకు పీట మా నాయనిచ్చినాడు" అని నవ్వేవారు.

ఆ పీట కథ సాయంత్రాలు తిన్నె మీద కూర్చొని మాకు చెప్పేవారు. ఆయన చిన్నప్పుడు ఊరి మామిడితోపులో ఒక తెల్లదొర గుడారం వేశాడట. గుడారానికి వెట్టి నీళ్ళు మోయమని తాత నాయన, ఇంకొందరు మొండికేస్తే, దూరంగా నిలబడమని కేకేసి వాళ్ళను పొద్దుటి నుంచి ఎండలో నిలబెట్టారు. అప్పటికి పిల్లవాడైన తాత ఇంట్లోంచి ఈ పీట తెచ్చి నాయన కాళ్ళ దగ్గర పెట్టారు. బంట్రోతు దాన్ని కాలితో తన్నాడు. నాయన వంగి, పీట తిప్పి సరిగా వేసుకొని, దొర చూస్తుండగానే కూర్చున్నాడు. దానికి జైలుకు పంపారు. "స్వాతంత్ర్యమంటే అందరూ తుపాకులూ జెండాలూ చెప్తారు. మా నాయన చేసిందల్లా కూర్చునేదే" అనేవారు తాత.

తెల్లవాళ్ళు పోవడం సగం పనేనని ఆయన అనేవారు. మిగతా సగం ఢిల్లీలో జరిగింది. ఎక్కడెక్కడి వాళ్ళో చేరి, ఏండ్ల తరబడి వాదులాడుకొని రాజ్యాంగం రాసుకున్నారు. "వాళ్ళు చేతులు కట్టుకోని నిలబడి రాసినారా? కూర్చోని రాసినారు. మనం కూడా కూర్చోని మాట్లాడేదానికే రాసినారు." మొదటి ఓటు వేసి వచ్చిన నాయన, ఇంక సర్కారంటే మనమేనని ఇంట్లో అందరికీ బెల్లం పెట్టాడట. కొన్నాళ్ళకు ఏదో పని మీద ఆఫీసుకు పోతే, లోపలి నుంచి అదే కేక. దూరంగా నిలబడు అని. "దొర పోయినాడు. ఆ కేక యాడికీ పోలా" అనేవారు తాత.

నేను ఏటా తిరుమలకు నడిచి పోతాను. ఎంతసేపు నిలబడ్డా కాళ్ళనొప్పి తెలియదని ఒకసారి చెబితే తాత నవ్వారు. "స్వామి దగ్గర ఎంతసేపైనా నిలబడు మ్మే. ఆయన కూడా నీకోసం నిలబడే ఉండాడు. ఆఫీసులో సారు కూర్చోని ఉంటాడే, ఆడ నువ్వెందుకు నిలబడేది?" ఇప్పుడు దండం పెట్టుకున్నప్పుడల్లా నాకు ఆ మాటే గుర్తొస్తోంది.

ఇక్కడి సర్కారు ఆఫీసుకు వచ్చే జనం కూర్చోవడానికి వరండాలో బెంచీలు వేయమని ఆయన జీవితమంతా అడిగారు. తనకోసం ఇంకేమీ అడిగిన మనిషి కాదు. కొన్నేళ్ళ కింద ఒక అధికారిణి వచ్చి రెండు బెంచీలు వేయించింది. తాత ఏ పనీ లేకుండా పోయి, ఒక పూట వాటి మీద కూర్చొని వచ్చారు. ఇంటికొచ్చి పీటను అటకెక్కించారు. ఇంక దీనికి పని లేదన్నారు. ఆ రోజు ఆ ముఖం మీరు చూడాల్సింది.

కొన్ని వారాల కింద మా వీధి ముసలామె పింఛను ఆగిపోతే, అదే ఆఫీసులో అడుగుదామని తాత బయలుదేరారు. ఆమెతో పాటు నేనూ వెళ్ళాను. వరండాలో కొత్త టైల్స్ మెరుస్తున్నాయి. బెంచీలు లేవు. జనం కూర్చుంటే చూసేదానికి బాగలేదని వెనక షెడ్డులో పడేశారట. సారు మీటింగులో ఉన్నారు, నిలబడండి అన్నాడు అటెండరు. నేను కింద కూర్చోమని బతిమాలాను. తాత ఒప్పుకోలేదు. "కింద కూర్చుంటే అడుక్కునేదానికి వచ్చినట్టు ఉంటాది. పీట తెచ్చుకోకుండా వస్తి సూడు, అదీ నా తప్పు. మనోళ్ళే గదా అనుకుంటి."

గోడకు చెయ్యి ఆనించి అట్లాగే నిలబడ్డారు. ఎండ వరండాలోకి వచ్చింది. సారు రాలేదు. తాత పడిపోయినప్పుడు మేము అరిస్తే, అటెండరు అన్న మొదటి మాట, దారికి అడ్డం లేకుండా జరపండి అని.

మనోళ్ళే గదా. ఆ నమ్మకంతో పీట వదిలి వెళ్ళిన మనిషిని వాళ్ళు నిలబెట్టి చంపారు. తెల్లదొరకైనా ఆయన కుటుంబం భయపడలేదు. వీళ్ళను నమ్మింది. నమ్మినవాళ్ళను నిలబెట్టడం దొర చేసిన దానికంటే పాపం. దేవుడంటే భయం ఉన్నదాన్ని కాబట్టి తెలిసే అంటున్నాను.

ప్రతి జెండా పండుగకూ తాతకు శాలువా కప్పేది ఆ ఆఫీసు వాళ్ళే. శనివారం కూడా దండ పట్టుకొని ఆ సారు జీపులో వచ్చారు. ఫోటో తీయించుకున్నారు. శవాన్ని ఎత్తడానికి ఇంకా సమయం ఉంది, ఎండ మండుతోంది. సారుకు ఒక కుర్చీ వేయండమ్మా అన్నాడు వెంట వచ్చిన గుమాస్తా. తాత కూతురు లేచి లోపలికి పోయింది. అటక మీద నుంచి పీట దించి, కొంగుతో దుమ్ము తుడిచి, తెచ్చి వీధి మధ్యలో పెట్టింది.

"ఇదే ఉండాది సార్. మా నాయనది. కూర్చోండి."

ఆయన పీట వైపు చూశారు. మా అందరి వైపు చూశారు. కూర్చోలేదు. పాడె లేచేదాకా ఎండలో నిలబడే ఉన్నారు. చొక్కా వీపుకు అతుక్కుపోయింది.

మగవాళ్ళు పాడెతో వెళ్ళిపోయారు. ఆడవాళ్ళం వాకిళ్ళలో మిగిలాము. సారు జీపెక్కారు. జీపు ముందుకు పోవాలంటే పీట అడ్డం. తీయమని డ్రైవరు మమ్మల్ని అడగలేదు. మేమూ తీయలేదు. పీట మీద ఎక్కడి నుంచో రాలిన ఒక బంతిపువ్వు ఉంది. జీపు కాసేపు ఆగి, ఆ ఇరుకు వీధిలో, వచ్చిన దారినే మెల్లగా వెనక్కి వెనక్కి పోయింది.