పెద్దమ్మ అల్లికలో తప్పిన కుట్లు

నేను దారంతో తొడుగులు అల్లి, లోపల దూది కూరి మనిషెత్తు బొమ్మలు చేస్తాను. పండుగప్ప చేపలు, పడవలు, వానకు తడిసి ఉబ్బిన ధాన్యం బస్తాలు. పేపరువాళ్ళు వాటిని మెత్తటి శిల్పాలంటారు. మా నరసాపురంలో మాత్రం, "ఆవిడ దిండ్లు కుడతారండి, అవి చూడ్డానికి హైదరాబాదులో జనం ఎగబడతారంట!" అని నవ్వుకుంటారు. నవ్వుకోనీ. నాకు పేరు తెచ్చినవి అవే.

ఆ పేరు ఎలా వచ్చిందో చెప్పుకోవాలంటే మాత్రం సిగ్గేస్తుంది.

నాకు లేసు అల్లిక నేర్పింది పెద్దమ్మ. ఆవిడ పని మీద నమ్మకంతో, లేసులు కొనే ఏజెంటు తిప్పి కూడా చూడకుండా సంచిలో వేసుకునేవాడు. నేను ఒక్క కుట్టు తప్పితే చాలు, చేతిలోంచి లాక్కుని మొత్తం విప్పేసేది. "ఏడుపెందుకే, మళ్ళీ అల్లు" అనేది. పెద్ద బొమ్మలు మొదలుపెట్టాక నా ఒక్కదాని వల్ల కాక, తొడుగులు అల్లే పని ఆవిడకే ఇచ్చాను. అన్నీ నున్నగా, తీరుగా వచ్చేవి. వాటి ముందు ఎవరూ రెండు నిమిషాలు నిలబడేవారు కాదు.

ఒక ఏడు ఆవిడ అల్లికలో కుట్లు తప్పడం మొదలైంది. వరసలు వంకర పోయాయి, అక్కడక్కడా చిల్లులు పడ్డాయి. దూది కూరితే ఆ చిల్లుల్లోంచి బయటికి ఉబికింది. గట్టున పడ్డ చేప ఊపిరాడక కొట్టుకుంటున్నట్టే ఉంది. నేను ఎగిరి గంతేశాను. ప్రదర్శనకు వచ్చినవాళ్ళు సరిగ్గా అక్కడే ఆగిపోయారు. "ఇలా కావాలనే వదిలారా అండి?" అని అడిగారు. అవునన్నాను.

పెద్దమ్మ కళ్ళ సంగతి నాకు తట్టకపోలేదు. ఈ ప్రదర్శన అవ్వనీ, డాక్టరుకు చూపిద్దామనుకున్నాను. అది అయ్యేసరికి ఇంకోటి వచ్చింది.

"సరిగ్గానే వస్తోందా అమ్మడూ? ఈమధ్య వెలుతురు చాలట్లేదే నాకు" అని ఆవిడ అడిగేది.

"బ్రహ్మాండంగా వస్తోంది పెద్దమ్మా, ఇలాగే అల్లు" అనేదాన్ని. రెండేళ్ళు అదే మాట అన్నాను, సిగ్గులేనిదాన్ని.

చివరికి ఆవిడ గడప తట్టుకుని పడిపోతే భీమవరం కంటాసుపత్రికి తీసుకెళ్ళాను. నీటికాసులట, అదే గ్లకోమా.

"పోయిన చూపు తిరిగి రాదండి" అన్నారు డాక్టరుగారు. "రెండేళ్ళ ముందు తీసుకొచ్చుంటే ఇంతదాకా వచ్చేది కాదు. ఇంట్లో ఎవరికీ అనుమానం రాలేదా?"

ఆయన నా వైపే చూస్తున్నారు. పెద్దమ్మే నన్ను వెనకేసుకొచ్చింది.

"దాన్నేం అనకండి డాక్టరుగారూ. నా పనంతా దాని చేతుల మీదుగానే వెళ్తుందండి. తేడా వస్తే అది నాకు చెప్పకుండా ఉంటుందా అండి?"

అప్పుడూ చెప్పలేదు. ఇప్పటికీ చెప్పలేదు.