కొబ్బరినూనె పెట్టిన రాళ్లు: నాందేడ్‌లో ఒక రోజు

గోదావరి పరిసరాల్లో వ్యవసాయం తెలియని కాలపు మనుషులు వాడిన గోరంత రాతి కత్తులు నాందేడ్‌లోని ఒక కాలేజీ బీరువాలో ఉన్నాయని విని బయల్దేరాను. ఉమ్రి చుట్టుపక్కల మూడు వాగుల్లో ఏరిన ముప్పయ్యెనిమిది రాళ్లవి. వాటిని సేకరించిన ఆ కాలేజీ చరిత్ర సారు కాలం చేశారు. ఏ రాయి ఏ వాగుదో తెలిస్తేనే నా పరిశోధనలో మూడో అధ్యాయం నిలబడుతుంది. తెలియకపోతే అవి ఉత్త రాళ్లు, నేను రెండేళ్లు ఊరికే తిరిగినట్టు. నాలాగే ఆదిమానవుల కోసం ఈ దారి పట్టేవాళ్లకు ముందే చెబుతున్నాను, ఓపిక మూటగట్టుకుని వెళ్లండి.

నిజామాబాద్‌లో పొద్దున ఆరున్నరకు రైలెక్కితే బాసర, ధర్మాబాద్, ఉమ్రి, ముద్ఖేడ్ దాటి తొమ్మిదింబావుకు నాందేడ్‌లో దిగాను. స్టేషన్ బయట పోహా, చాయ్ కలిపి ముప్పై రూపాయలు. కాలేజీకి షేర్ ఆటో ఇరవై. ఆఫీసు పదిన్నరకు తెరుస్తారని బోర్డు ఉంది. బీరువా తాళాలున్న గుమాస్తా దత్తు పదకొండున్నరకు వచ్చాడు. తాత రైల్వే ఉద్యోగానికని వచ్చి ఇక్కడే స్థిరపడ్డ తెలుగు కుటుంబం అతనిది. తెలుగు వినగానే ప్రాణం లేచొచ్చింది. ఆ సంతోషం బీరువా తెరిచేదాకానే. రాళ్లన్నీ ఒకే స్టీలు పళ్లెంలో కుప్పగా, నిగనిగలాడుతూ ఉన్నాయి.

"చిట్టీలేవండీ?" అన్నాను.

"తనిఖీ కమిటీ అస్తున్నదని అంత సాఫ్ చేయించినం మేడం. చిట్టీలకు చెదలు పట్టె, పారేసినం. రాళ్ల మీద సిరాతోని ఏవో నంబర్లుండె, సోడాతోని రుద్దితె పోయినయ్. మల్ల కొబ్బరినూనె పెట్టినం. కమిటీవోళ్లు మస్తు తారీఫ్ చేసిండ్రు."

నాకు ఒళ్లు మండింది. ఏ రాయి ఎక్కడిదో చెప్పే ఒక్క ఆధారాన్నీ కడిగిపారేసి, పైగా మెచ్చుకోలు కూడానా? రిజిస్టరైనా ఉందా అంటే, జిల్లా ఆఫీసుకు పంపినట్టున్నాం అన్నాడు. ఆటోకి ఎనభై పెట్టి అక్కడికి వెళ్లాను. మరాఠీలో అర్జీ రాసివ్వమన్నారు. రాయించి తెచ్చేసరికి భోజన విరామం. రెండున్నరకు తిరిగొచ్చిన ఉద్యోగి అర్జీ చదవకుండానే, అలాంటివి ఊరి చివర లైబ్రరీలో ఉంటాయన్నాడు. ఇంకో నూట యాభై. ఆ లైబ్రరీలో రిజిస్టరు ఉందట, కానీ బైండింగుకు పోయిందట. ఎప్పుడొస్తుందో వాళ్లకూ తెలియదు. నాలుగున్నరకు మళ్లీ కాలేజీ మెట్ల మీదికొచ్చి కూలబడ్డాను.

వరండా ఊడుస్తున్న ముసలామె చీపురు పక్కన పెట్టి తెలుగులోనే అడిగింది. "పొద్దటి సంది దేనికి తిరుగుతున్నవ్ బిడ్డా?"

విసుగ్గానే చెప్పాను.

"గా రాళ్లా? నేనే కడిగిన. కడుగుమన్నరు, కడిగిన. సారుతోని ఏరింది గూడ నేనే. మాది ఉమ్రి పక్కపొంటి ఊరు. చేన్ల పని లేని దినాల్ల సారు కూలికి పిలుస్తుండె."

"మరి దత్తుగారికి చెప్పలేదేం అవ్వా?"

"నన్ను అడిగిండ్రా?"

ఆమె పేరు పోశవ్వ. దత్తు పళ్లెం తెచ్చాడు. ఆమె గోనెసంచి పరిచి, ఒక్కో రాయి నూనెను కొంగుతో తుడిచి వెలుగుకు పట్టి చూసింది. "ఇది దర్గ ఎనుక వాగుది. గక్కడి రాయి లోపట ఎర్రగుంటది. ఇది రైలు పట్టాల కాడిది. సున్నం లెక్క తెల్లపొర ఉన్నది సూడు." మూడు కుప్పల్లో ఇరవై తొమ్మిది చేరాయి. తొమ్మిది విడిగా మిగిలాయి.

"ఇవి యాదికి లేవు బిడ్డా."

నా రైలు ఆరున్నరకు. "అందాజుగా ఏదో ఒక కుప్పలో వేసెయ్ అవ్వా, ఎవరు చూడొచ్చారు?" అనేశాను.

పోశవ్వ నా వైపు చూసింది. "గట్లెట్ల ఏస్త? ఒకపారి రెండు వాగులవి ఒక్క సంచిల కలిపిన. సారు సంచంత పారబోసిండు. నా కూలి నాకిచ్చి, రేపు మల్ల ఏరుదాం రా అన్నడు. తెల్వనిది తెల్వదనాలె."

తలెత్తలేకపోయాను. దత్తు తెలియక చేశాడు. పొద్దున్నుంచి అతన్ని తిట్టుకుంటున్న నేను, అన్నీ తెలిసి అదే పని చేయబోయాను.

రైల్లో కూర్చుని ఆలోచిస్తే రోజంతా మూడు ఆఫీసుల్లో నేను వెతికింది కాగితాన్నే అనిపించింది. మీరు వెళ్తే ముందుగా ఏరడానికి, తవ్వడానికి కూలికి వెళ్లినవాళ్లెవరో వాకబు చేయండి, వాళ్లు చెప్పింది వాళ్ల పేరుతోనే రాసుకోండి. నేను ఇరవై తొమ్మిది రాళ్లకు ఆధారంగా పోశవ్వ పేరు, ఆమెను అడిగే, రాశాను. మిగతా తొమ్మిదికి చోటు తెలియదని రాశాను. అవి కూడా ఏదో ఒక వాగు కింద వేసేస్తే పట్టిక నిండుగా ఉండేది కదా అని నా పరిశోధనకు గైడుగా ఉన్న సారు ఫోన్‌లో అన్నారు.

"పోశవ్వ ఒప్పుకోదు సార్" అన్నాను.